కుంకుమ కనబడని కన్ను

పోయిన ఏకాదశికి దెగ్లూర్‌లో ప్రవచనం చెప్పి, తిరుగు బస్సు కోసం వచ్చి, స్టాండు ఎదుట మందుల దుకాణంలో నా బీపీ గోళీలు కొన్నాను. పెట్టె మీద నల్లటి మరక ఒకటి ఉంది. బల్ల వెనక నిలబడ్డ ఆమె ఆ పెట్టెను ఒక యంత్రం మూతి కిందికి జరిపింది. ఎర్ర గీత పెట్టె మీద, పెట్టెను ఇంకా వదలని నా వేళ్ళ మీద పడింది. ఆ మరకను చూసి యంత్రం ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. కుయ్‌మంది.

నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"ఏమైంది మహరాజ్? కరెంటు గిట్ల కొట్టిందా?" అందామె.

"లేదమ్మా. తెర మీద ఏం వచ్చిందో జర చదువు."

"మీ గోళీల పేరే అచ్చింది. ఇంకేమొస్తది?"

"నోటితోటి చదువు తల్లీ."

ఆమె విసుక్కుంటూ చదివింది. పేరు సరైనదే. అయినా మా నాందేడ్ చేరేదాకా ఆ కూత నా చెవుల్లోంచి పోలేదు. బూడిదరంగు ఒళ్ళు, కొంచెం వంచుకున్న బాతు మూతి. ఆ యంత్రాన్ని నేను గుర్తుపట్టాను. దానికి ఆ కన్ను పెట్టిన మనిషి మా భజన మండలికి వచ్చేవాడు. ఆయన పోయి కొన్నాళ్ళయింది. మేమంతా ఆయన్ను ఇంజినీర్ సాబ్ అనేవాళ్ళం. ఇక్కడా అట్లాగే అంటాను.

ఇంజినీర్ సాబ్ ఎవరినీ సూటిగా చూసేవాడు కాదు. తల పక్కకు వాల్చి ఏటవాలుగా చూసేవాడు. గుడిలోనూ అంతే. మా గల్లీలోని విఠలుని గుడి చిన్నది. అందరం ఎదురుగా నిలబడి కళ్ళనిండా చూసుకుంటాం. ఈయన మాత్రం ఎడమ గోడకు ఆనుకొని, పక్క నుంచి చూసి, దండం పెట్టి వెళ్ళిపోయేవాడు. మండలిలో అందరికంటే పెద్దామెను మేము అవ్వా అని పిలుస్తాం. ఆమె ఒకరోజు ఆయన్ను నిలదీసింది.

"ఏందయ్యా సాబ్, దేవుడేమన్న నీ మరదలా, గట్ల ఓరకంట సూస్తవ్?"

అందరూ గొల్లుమన్నారు. ఆయన నవ్వలేదు.

"ఎదురుంగ సూస్తే ఎలుగు తిరిగొచ్చి కంట్లనే కొడ్తది అవ్వా. ఏం కనబడది. జరంత వాలుగ సూడాలె."

దేవుడి గురించి అన్నాడో, తన యంత్రం గురించి అన్నాడో నాకప్పుడు అర్థం కాలేదు. సరుకుల పొట్లాల మీద నల్లగీతలు ఉంటాయి కదా, వాటిని చదివే కళ్ళను చేయడం ఆయన పని. నున్నటి కాగితం మీద గీతల్ని నిటారుగా చూస్తే వెలుగంతా అద్దంలో లాగ తిరిగొచ్చి యంత్రం గుడ్డిదవుతుందట. అందుకే ఆయన చేసిన యంత్రాలన్నీ మూతి వంచుకొని ఉండేవి. చేసి చేసి చివరికి ఆయన మెడ కూడా అట్లాగే నిలిచిపోయింది.

మా పరిచయం ఒక కొరివి వల్ల జరిగింది. ఆ ఆదివారం నేను ప్రవచనంలో, మండే కొరివిని గిరగిర తిప్పితే నిప్పుచక్రం కనిపిస్తుందని, నిజానికి చక్రం లేదని, ఉన్నది ఒక్క నిప్పుకణమేనని, ఈ లోకం కూడా అట్లాంటిదేనని పెద్దలు చెప్పిన పోలిక చెప్పాను. హారతి అయ్యాక ఆయన దగ్గరికొచ్చాడు.

"మహరాజ్, మీరు చెప్పిన కొరివి మా షెడ్డుల ఉన్నది. సూస్తరా?"

మరునాడు ఒంటిపూట బడి అయ్యాక వెళ్ళాను. నేను పిల్లలకు మరాఠీ పాఠాలు చెప్పి, సాయంత్రాలు గుడిలో కూర్చునేవాణ్ణి. ఆ షెడ్డు కారఖానాల వైపు ఉంది. కిటికీలకు నల్లగుడ్డ కట్టి ఉంది. మిట్టమధ్యాహ్నపు ఎండలోంచి లోపలికి అడుగు పెట్టగానే కళ్ళు పోయినట్టయింది. ఆయన ఏదో మీట నొక్కాడు. ఎదుటి గోడ మీద ఎర్రటి గీత నిలబడింది.

"ఇది ఏంది మహరాజ్?"

"గీత."

ఆయన ఇంకో మీట తిప్పాడు. గీత వణికింది, తెగింది. ఒక ఎర్ర చుక్క గోడ మీద చీమలాగా పాకడం మొదలుపెట్టింది. ఆ చివర నుంచి ఈ చివరకు, మళ్ళీ మొదటికి.

"గీత లేనే లేదు. చుక్క ఒక్కటే. లోపల అద్దాల చక్రం తిరుగుతుంటే ఉరుకుతున్నది. తెల్లటి దాని మీద పడ్డ ఎలుగు తిరిగొస్తది. నల్లటి దాని మీద పడ్డది రాదు." కొంచెం ఆగి అన్నాడు. "ఆ రానిదాన్ని లెక్కవెట్టుడే నా పని."

ఎన్నో ఏళ్ళుగా మాయ గురించి చెబుతున్నాను, దాన్ని గోడ మీద పాకుతుండగా చూడటం అదే మొదలు.

గీతలకు అటూ ఇటూ తెల్లటి జాగా తప్పకుండా వదలాలని కూడా ఆ రోజే చెప్పాడు. "ఆ మౌనం లేకుంటే మాట ఏడ మొదలైందో మిషన్‌కు తెల్వది." జపానికి ముందు, జపం తర్వాత కాసేపు ఊరకే కూర్చోమని నేను మండలికి ఎన్నోసార్లు చెప్పాను. ఆయన నోట అదే మాట విని ఈయన మనవాడే అనుకున్నాను.

అయితే బుక్కా దగ్గర మాకు పేచీ వచ్చింది. విఠలుని గుడికి ఎవరొచ్చినా నుదుట నల్లటి బుక్కా పెట్టడం మా వైపు ఆచారం. బొగ్గుపొడిలో సుగంధాలు కలిపిన పొడి అది. బొటనవేలితో అద్ది పెడతాం. ఆ వేలు రోజంతా నల్లగానే ఉంటుంది. మాకది గర్వం. ఇంజినీర్ సాబ్ ఆదివారం నుదురు వంచి పెట్టించుకునేవాడు. పనిరోజుల్లో మాత్రం రెండడుగులు వెనక్కి వేసేవాడు. నేను ఊరుకోలేక ఒకరోజు అందరి ముందే అడిగాను.

"ప్రసాదం వద్దనని మనిషివి, దేవుని బుక్కా వద్దంటవేంది సాబ్?"

"ఏకాదశి నాడు సూపిస్త మహరాజ్."

అన్నట్టే ఏకాదశి నాడు సంచిలో యంత్రాన్ని తెచ్చి చాప మీద పెట్టాడు. అవ్వ నైవేద్యానికి తెచ్చిన బిస్కెట్ పొట్లం అడిగి తీసుకున్నాడు. దాని గీతల మీద ఎర్ర వెలుగు పారించాడు. కుయ్‌మంది. ఆడవాళ్ళు నవ్వారు. భరిణెలోంచి కుంకుమ తీసి గీతల నిండా పూశాడు. గీతలు మా కళ్ళకే సరిగా కనిపించడం లేదు. యంత్రం మళ్ళీ కుయ్‌మంది. కుంకుమ తుడిచి, బుక్కాలో వేలు ముంచి ఒక్క చోట అద్దాడు. ఈసారి యంత్రం పలకలేదు. మళ్ళీ పెట్టాడు. పలకలేదు.

"నాది ఎర్ర ఎలుగు. ఎర్రటి దాని మీద పడితే దానికి తెల్లగనే కనబడ్తది. కుంకుమ ఉన్నట్టే తెల్వది. బుక్కా ఒక్కటే కనబడ్తది."

"అంటే ముత్తైదువెవలో ముండమోపెవలో దానికి తెల్వదన్నట్టు," అంది తెల్ల నుదుటి అవ్వ. "మంచిదే. నన్ను పేరంటానికి పిలుస్తదేమో అడుగు."

నవ్వులు ఆగాక ఆమే మెల్లగా అంది. "కుంకుమ కనబడక నలుపొక్కటే కనబడ్తదంటే, గది యముని కన్ను బిడ్డా."

ఇంజినీర్ సాబ్ మాత్రం పలకని యంత్రాన్ని, మంచి మార్కులు తెచ్చుకున్న కొడుకును చూసినట్టు చూశాడు.

"సూడున్రి, ఊకున్నది. తనకు తెల్వనిది తెల్వదని ఊకున్నది. మనల ఎంతమందికి చాతనైతది?"

ఆ తర్వాత నన్ను పక్కకు పిలిచి అసలు భయం చెప్పాడు. ఆ యంత్రాలు ఒక ట్రస్టు ఆస్పత్రికి వెళ్తున్నాయి. రక్తం సంచుల మీద, పరీక్షకు తీసిన గొట్టాల మీద, రోగి మణికట్టుకు కట్టే పట్టీ మీద, అన్నిటి మీదా ఈ గీతలే. అక్కడ పనిచేసే వాళ్ళలో చాలామంది ఏదో ఒక మండలి వాళ్ళు. పొద్దున్నే హారతి తీసుకొని, నల్లబడ్డ బొటనవేళ్ళతోనే పనిలోకి వెళ్తారు.

ఆస్పత్రి నర్సులు ఆ యంత్రానికి మూగది అని పేరు పెట్టారు. మరక ఉన్న గీతల చీటీ చూపిస్తే అది పలికేది కాదు. గీతల కింద అచ్చైన అంకెల్ని కంటితో చదివి చేత్తో కొట్టుకోవాల్సి వచ్చేది. ఫిర్యాదులు వచ్చాయి. ఒక సాయంత్రం నేను ప్రసాదం ఇవ్వడానికి షెడ్డుకు వెళ్ళేసరికి, మేమంతా మాలక్ అనే కారఖానా యజమాని ఆయన ముందు నిలబడి ఉన్నాడు. మంచివాడే. గుడి మండపానికి రేకులు వేయించాడు.

"సాబ్, బజార్ల అందరి మిషన్లు కూస్తున్నయి. మనదొక్కటే కొత్తకోడలు లెక్క మూతి ముడుచుకుంటది. ఒక అంకె కనబడకుంటే చివరి అంకెను బట్టి నింపొచ్చు గదా? అందరు గట్లనే చేస్తున్నరు."

ఆ చివరి అంకె సంగతి నాకు తెలుసు. దానికి వేరే అర్థం లేదు. ముందున్న అంకెలన్నిటినీ ఒక పద్ధతిలో కలిపి తేల్చిన అంకె అది. చదివింది సరైనదా కాదా అని దానితో సరిచూసుకుంటారు. ఇంజినీర్ సాబ్ దాన్ని సాక్షి అనేవాడు. లోపల కూర్చొని ఏమీ చేయకుండా అన్నీ చూసేవాడి గురించి నేను చెప్పే ప్రవచనాల నుంచే ఆ పేరు తీసుకున్నానని చెప్పాడు.

"అది సాక్షి మాలక్," అన్నాడు ఆయన. "ఒక అంకె పోతే సాక్షిని అడిగి నింపొచ్చు, నిజమే. సరిగ్గనే వస్తది. కని అదే చీటీల ఇంకో అంకె వంకరైందనుకో, ఒకటి ఇంకోటి లెక్క కనబడ్డదనుకో, అప్పుడెవలు అడ్డం వస్తరు? సాక్షి తోటే దొంగరాత రాపిచ్చినంక ఇంక సాక్షి ఏడుంటడు?"

"రెండు చోట్ల ఎప్పుడు చెడ్తది సాబ్?"

ఇంజినీర్ సాబ్ ఒక చీటీ తీసి రెండు చోట్ల మరక పెట్టి చూపించబోయాడు. మాలక్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"గిది మీరు పెట్టిన మరక. మీరు పెడితే చెడ్తది, నాకు తెల్సు. అసలు పేషెంట్ మీద చెడ్డదని సూపియ్యున్రి, రేపే బంద్ చేస్త."

"పేషెంట్ మీదనా?" ఆయన తల మొదటిసారి నిటారుగా లేవడం చూశాను. "మనిషి పానం మీద ప్రయోగం చేయమంటరా?"

ఆ మార్పు ఇంకొకరితో చేయించారు. ఇంజినీర్ సాబ్‌ను ఇంటి దగ్గరే విశ్రాంతి తీసుకోమన్నారు. మూగది మాట్లాడటం నేర్చుకుంది. ఏ చీటీ చూపించినా కుయ్‌మనేది. నర్సులు సంతోషించారు. యంత్రాలు ఊళ్ళు దాటాయి.

ఆయన నా దగ్గరికొచ్చి ఒకే మాట అడిగాడు. మండలి వాళ్ళకు చేతులు కడుక్కోమని చెప్పమని. నేను వ్యాసపీఠం మీద నుంచే చెప్పాను. బుక్కా నుదుట ఉంటే చాలని, ఆస్పత్రిలో పనిచేసే వాళ్ళు వేలు శుభ్రంగా కడుక్కోవాలని, అదీ సేవేనని. మా వాళ్ళు విన్నారు. నేను ఆ సంగతి సంతోషంగా చెబితే ఆయన ముఖం ఏమీ మారలేదు.

"నాందేడ్ల మీరు కడిగిపిస్తున్నరు మహరాజ్. కిన్వట్ల ఎవలు కడిగిపిస్తరు? హిమాయత్‌నగర్ల?"

ఆ ఎండాకాలంలోనే నా భార్యకు ఆ ఆస్పత్రిలోనే గర్భసంచి ఆపరేషన్ అయింది. రక్తం ఎక్కించాలన్నారు. నర్సు సంచి తెచ్చి చీటీని యంత్రానికి చూపించింది. బయటి ఊరి నుంచి వచ్చిన సంచి, చీటీ మీద నల్లటి వేలిముద్ర. నేను దాన్ని చూశాను. నర్సు కూడా చూసింది. యంత్రం మాత్రం వెంటనే కుయ్‌మంది. ఆ కూత నా గుండెలో దిగింది.

"ఆగు సిస్టర్," అన్నాను. ఇంజినీర్ సాబ్‌కు ఫోన్ చేశాను. ఆయన వచ్చేదాకా సూది గుచ్చనివ్వలేదు. మంచం మీద ఆమె పెదాలు తెల్లబడుతున్నాయి. డాక్టరు నన్ను కసురుకున్నాడు. ప్రవచనాలు చెప్పేవాడివి, నీకే ఇంత అపనమ్మకమా అన్నాడు. ఇంజినీర్ సాబ్ చెమటలు కక్కుతూ వచ్చి, తల వాల్చి, సంచి మీది అంకెల్ని ఒక్కొక్కటే పైకి చదివాడు. నర్సు తెర మీదివి చదివింది.

అన్నీ కలిశాయి.

రక్తం ఎక్కించారు. నా భార్య బతికింది. ఇవాళ్టికీ మడికట్టుకొని నైవేద్యం వండుతోంది. ఆ రోజు వార్డంతా నవ్వింది. సొంత బిడ్డనే అనుమానించే తండ్రి అన్నారు ఆయన్ను. నేను వరండాలో ఆయన చేతులు పట్టుకొని, దేవుడు కాపాడాడు సాబ్ అన్నాను. ఆయన చేతులు చల్లగా ఉన్నాయి.

"ఒక్క అంకెనే పోయింది మహరాజ్. అందుకే సరిగ్గ నింపింది." గోడ మీద ఏదో పాకుతున్నట్టు చూస్తూ అన్నాడు. "ఇయ్యాల సరిగ్గ చెప్పింది గదా. ఇగ నా మాట ఎవ్వలు ఇనరు."

నిజంగానే ఎవరూ వినలేదు. ఆయన ఏ దుకాణంలో నిలబడ్డా, ఎర్ర గీత వెలగగానే, తెర మీద ఏం వచ్చిందో చదవమని అడిగేవాడు. పిల్లలు ఆ మాటను అనుకరించేవారు. అవ్వ మాత్రం ఎగతాళి చేయలేదు. "ఎవలు ఇనకున్నా దేవుడు ఇంటడు, ఊకో," అనేది. దానికి ఆయన, "దేవుడు ఇంటడు అవ్వా. మాలక్ ఇనాలె," అనేవాడు.

తర్వాత ఊపిరితిత్తుల్లో జబ్బు వచ్చింది. అదే ఆస్పత్రిలో చేర్చారు. మణికట్టుకు అదే గీతల పట్టీ కట్టారు. వెల్లకిలా పడుకొని, తల వాల్చి, ఆ పట్టీనే రోజుల తరబడి చూస్తూ ఉండేవాడు. జపమాల ఇస్తే కుడి చేత్తో తిప్పేవాడు. చూపు మాత్రం ఎడమ మణికట్టు మీదే.

ఇక మందులు ఆపేస్తున్నామని డాక్టర్లు చెప్పిన పొద్దున నేను తులసి తీర్థం, బుక్కా తీసుకొని వెళ్ళాను. పనిరోజు. వద్దంటాడేమోనని భరిణె జేబులోనే ఉంచాను.

"బుక్కా తెచ్చిన్రా?" అన్నాడు.

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నుదుట పెట్టాను. కళ్ళు మూసుకొని పెట్టించుకున్నాడు. తర్వాత చెయ్యి చాపి భరిణె అడిగాడు. బొటనవేలు ముంచి పట్టీ మీద ఒకచోట గట్టిగా అద్దాడు. మళ్ళీ చిటికెనవేలి గోరును బుక్కాలో అద్ది, ఇంకొకచోట సన్నగా ఒక్క గీత గీశాడు. దేవుడి విగ్రహానికి కన్ను దిద్దేవాడు కూడా అంత నిమ్మళంగా గీయలేడు.

"ఏంది సాబ్ ఇది?"

"మందులు బంద్ చేసిన్రు గదా. ఇగ నా మీద ఏం గుచ్చరు. నాకేం గాదు." ఊపిరి కూడదీసుకొని అన్నాడు. "ఒక అంకె పోయింది, ఇంకోటి వంకరైంది. నేను పోయినంక సిస్టర్ మిషన్ తెస్తది. మీరు ఈడనే ఉండున్రి. అది ఊకుంటే, మంచిదే, నేనే పిచ్చోన్ని. కూసిందంటే తెర మీదిది నోటితోటి చదివిపియ్యున్రి. చదివేదాక ఏ బటన్ వత్తనియ్యకున్రి. మాట ఇయ్యున్రి మహరాజ్."

మాట ఇచ్చాను. విఠల విఠల అంటూ చెవిలో చెబుతూ కూర్చున్నాను. ఆయన పెదాలు కూడా కదిలాయి. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి మంచం మీదికి వచ్చేసరికి ఆ పెదాలు ఆగాయి. ఆ చివరి గంటలో ఆయన దేవుణ్ణి తలచుకున్నాడా, పట్టీని తలచుకున్నాడా అని అడిగినవాళ్ళున్నారు. నాకు ఆ రెండూ వేరుగా కనిపించలేదు.

నర్సు వచ్చింది. దెగ్లూర్ వైపు పిల్ల. కళ్ళు తుడుచుకొని, తోపుడు బండి మీది యంత్రాన్ని తీసి ఆయన మణికట్టు మీద పెట్టింది. ఎర్ర గీత పట్టీ మీద, బుక్కా మీద, కదలని ఆ వేళ్ళ మీద పడింది. అది పలకకూడదని నేను దేవుణ్ణి వేడుకున్నాను. ఆయన పిచ్చివాడే కావాలని వేడుకున్నాను.

కుయ్‌మంది.

నర్సు వేలు బటన్ మీదికి వెళ్ళింది.

"ఆగు బిడ్డా. పేరు చదువు."

"తాతదే మహరాజ్, ఇంకెవలది?"

"చదువు."

ఆమె చదివింది. "సుమన్‌బాయి..." నవ్వు వచ్చింది ఆమెకు. "ఏందిది, తాతను పట్టుకొని సుమన్‌బాయి అంటది!" మళ్ళీ తెర వైపు చూసింది. ఆ పేరు కింద, మరణించినట్టు నమోదు చేయాలా అని యంత్రం అడుగుతోంది. నవ్వు ఆమె ముఖం మీదే ఆగిపోయింది. బటన్ మీది వేలు కాలినట్టుగా వెనక్కి లాక్కుంది.

"అవుతలి వార్డుల ఉన్నది," అంది. "రేపు ఇంటికి పోతది ఆమె."

డాక్టరును పిలిపించాను. మాలక్‌ను పిలిపించాను. మాలక్ తెర మీది పేరును తనే నోటితో చదివాడు. ఆ ఆస్పత్రిలో యంత్రాలన్నీ మళ్ళీ మూగవయ్యాయి. బయటి ఊళ్ళవి కూడా వెనక్కి తెప్పిస్తానని శవం మీద చెయ్యి పెట్టి చెప్పాడు. ఆ మాట దెగ్లూర్ దుకాణంలోని యంత్రం దాకా ఇంకా చేరలేదు.

ఆయన్ను కిందికి దించేలోపు నేను అవతలి వార్డుకు వెళ్ళాను. ఎందుకో ఆమెను కళ్ళారా చూడాలనిపించింది. సుమన్‌బాయి మంచం మీద కాళ్ళు మడుచుకొని కూర్చొని, బిస్కెట్‌ను చాయ్‌లో ముంచుకుంటోంది. నా తులసిమాల చూసి గబగబా కొంగు సర్దుకుంది.

"రాండ్రి మహరాజ్. ఎవలన్న మనోళ్ళున్నరా ఈడ?"

"ఉన్నడమ్మా. పోయిండు."

"విఠలా," అంది. తర్వాత నా బొటనవేలి మీది నలుపు చూసింది. కప్పు పక్కన పెట్టి, పట్టీ కట్టిన చేతులు రెండూ జోడించి, నుదురు నా ముందుకు వంచింది. "బుక్కా పెట్టున్రి మహరాజ్. రేపు ఇంటికి పోతున్న."

నేను పిడికిలి మూశాను.

"ఆగు తల్లీ," అన్నాను. "చేతులు కడుక్కొని వస్త."